ఆసిడ్ పోస్తే బండలు తెల్లగైనయ్ అన్నా, ఇప్పుడేం చెయ్యాలె?

ప్రశ్న: అన్నా నమస్తే. మాది నల్లగొండ. ఇల్లు కట్టి ఎనిమిదేండ్లయింది. హాల్ల, వంటింట్ల తాండూరు బండలు, దేవునర్రల తెల్ల మార్బుల్, వంటగట్టుకు నల్ల గ్రానైట్. బతుకమ్మకు ఆడబిడ్డలు వస్తరని పోయిన నెల ఇల్లంత కడిగిచ్చినం. కడగనీకి వచ్చినాయన బాత్రూం ఆసిడ్ పోసి రుద్దిండు, మురికి పోతలేదని దానిమీదనే బ్లీచింగ్ పౌడర్ చల్లిండు, ఇంట్ల అందరికి ఒకటే దగ్గు. ఎండినంక చూస్తే హాలంత తెల్లతెల్లగ మచ్చలు. బాత్రూం గోడ పక్క మూలకు తెల్ల పొడి లేస్తది, ఎన్నిసార్లు కడిగినా మల్ల వస్తది. సింకు పొంటి కూడ తెల్లగ పొర కట్టింది. గడప కింద పసుపు మరక సబ్బు పెట్టి రుద్దితే ఎర్రగైంది. మా అత్తమ్మ కిరోసిన్‌తోని తుడువుమంటది, మా ఆయన ఇదంత ఎందుకు మీద టైల్స్ ఏపిద్దాం అంటుండు. నువ్వేమంటవ్?

జవాబు: చెల్లె, ముందుగాల టైల్స్ ముచ్చట బంద్ పెట్టుమని మీ ఆయనకు చెప్పు. తాండూరు బండ ముప్పావు ఇంచు నుంచి ఇంచు దాక మందముంటది, నీకు పాడైంది పైన ఎంట్రుకవాసి. దానికోసం మీద సిమెంటు కొట్టి టైల్స్ అతికిస్తే తలుపులు కింద రాసుకుంటయ్, బాత్రూం నీళ్లు హాల్లకు మర్లుతయ్, ఆ తలుపులు కోపిచ్చేటందుకు మల్ల వడ్లాయన, ఆ ఖర్చు మల్ల వేరే. పైగ నీ మూలకు లేస్తున్న పొడికి టైల్స్ మందు కాదు, ఎందుకో కింద చెప్త.

ఇంకొకటి ఇప్పుడే చెప్పాలె, మర్చిపోతనేమో. ఆసిడ్ మీద బ్లీచింగ్ పౌడర్ వేస్తే వచ్చేది క్లోరిన్ గ్యాస్. మీకు దగ్గు ఊకె రాలేదు, అది ఊపిరితిత్తులను కాలుస్తది. ఇంట్ల ముసలోళ్లకు గాని పిల్లలకు గాని ఇంక ఆయాసమున్నా, ఛాతిల పట్టినట్టున్నా డాక్టర్‌కు చూపెట్టుండ్రి, లేటు చెయ్యొద్దు. ఇగ ముందట ఎవలన్న రెండు కలిపితే తలుపులన్ని తీసి అందరు బయటికి రావాలె, బండలు ఎటన్న పోనియ్.

ఇగ అసలు ముచ్చట. నువ్వు తెల్లగ, తెల్లగ అని మూడుసార్లు రాసినవ్. చూడనీకి మూడు తెలుపే గాని మూడిటికి పుట్టుక వేరు. హాల్లది కాలిన తెలుపు, మూలది ఉప్పు, సింకు కాడిది గార. ఒకదాని మందు ఇంకోదానికి పెడితే నీకు జరిగినట్టే జరుగుతది.

ఏది ఏదో గుర్తువట్టుడు అలకనే. తడి బట్టతోని తుడువు. తడి ఉన్నంతసేపు మచ్చ కనపడక, ఆరంగనే మల్ల తేలితే అది కాలుడు, అరచెయ్యి పెట్టి రాస్తే అక్కడ బండ గరుకు తగుల్తది. వేలుతోని రాస్తే పిండి తీరు అంటుకుంటే ఉప్పు. గోరుకు అంచు తగిలి పొర తీరు లేచి ఉంటే గార.

హాల్ల సంగతి చెప్త. తాండూరు బండ, షాబాద్ బండ, మీ దేవునర్రల మార్బుల్, మూడు సున్నపు కులమే. కోట్ల ఏండ్ల కింద సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద గట్టిపడి పొరలు పొరలుగ బండైంది, గందుకే తాండూరు బండ పలకల లెక్క చీల్తది. అసొంటి సున్నపురాయే భూమిల ఇంక బాగ ఉడికి మారిపోతే మార్బుల్. మీ దిక్కు మేళ్లచెర్వు, మట్టపల్లి కాడ సిమెంటు ఫ్యాక్టరీలు కాల్చేది గూడ సున్నపురాయే. సున్నపురాయికి పులుపు పడదు. ఆసిడ్ పడంగనే బుసబుస నురుగు వస్తది చూడు, మురికి పోతున్నదని అందరు సంబురపడతరు, అది మురికి కాదు చెల్లె, నీ బండే కరిగి గ్యాస్ అయి పోతున్నది. మీద పాలిష్ పొర పోయి లోపలి గరుకు బయటపడ్డది, అదే నీకు తెల్లగ కనిపిస్తున్నది. అంటే అది మరక కాదు. మరకైతే బండ మీద ఏదో ఎక్కువున్నట్టు, నీకాడ బండే తక్కువైంది. లేనిదాన్ని ఎంత రుద్దితే ఏమొస్తది?

ఆసిడే కానక్కర్లేదు. మా అమ్మ ఒకసారి పచ్చిపులుసు గిన్నె కిందపెట్టి రాత్రంత మర్చిపోయింది, గిన్నె కింద పులుసు కారి ఉన్నదేమో, పొద్దుగాల లేపితే బండ మీద గుండ్రంగ తెల్ల గీత. మురికనుకొని వారం రోజులు ఇటుకపొడి పెట్టి రుద్దింది, గీత పోలేదు గాని దాని చుట్టు జానెడు జాగల మెరుపంత పోయింది. మా నాయన బండలేసే మేస్త్రి, ఆయన చూసి నవ్వి ఊకున్నడు, అమ్మకు చెప్పే ధైర్యం చెయ్యలే. గిట్లనే నిమ్మకాయ, చింతపండు, పెరుగు, పులిసిన కల్లు, వెనిగర్, కూల్‌డ్రింకు, టాయిలెట్ కడిగే లిక్విడ్, అన్ని అదే పని చేస్తయ్, కొన్ని నిమిషంల, కొన్ని రాత్రంతల. యూట్యూబ్‌ల నిమ్మకాయ ఉప్పు కలిపి రుద్దితే తళతళ మెరుస్తదని చూపెడతరు, అది ఇత్తడి చెంబుకు పనికొస్తది. నకిరేకల్ నిమ్మకాయలు అగ్గువకు దొరుకుతయని బండల మీద పిండకు.

నాగార్జునకొండ మ్యూజియంల బుద్ధుని బొమ్మలు చూసినవా? సూర్యాపేట దిక్కు ఫణిగిరిల దొరికినయ్ గూడ అంతే, సున్నపురాయి మీద చెక్కినయే, పదిహేడు వందల ఏండ్లయింది, ఇప్పటికి బట్టల మడతలు కనపడతయ్. వాటిని దసరాకు ఎవలు ఆసిడ్ పెట్టి కడగలే గదా.

మరి హాల్ల బండలకు ఏం చెయ్యాలె అంటే మెషిన్ పాలిష్, వేరే తొవ్వ లేదు. చిన్న మచ్చ, చెయ్యంత జాగ అయితే మార్బుల్ పాలిషింగ్ పౌడర్ తెచ్చి తడి గుడ్డతోని రుద్దితే కొంతకు కొంత మెరుపు వస్తది, నీది హాలంత అంటున్నవ్ కాబట్టి చేతితోని అయ్యేది కాదు, చేసినా ఒక్కకాడ మెరిసి ఒక్కకాడ మెరవక ఇంక అధ్వానం కనిపిస్తది. పాలిషోళ్లు ముతక రాయితోని మొదలువెట్టి సన్నరాయి దాక నంబర్ల వారీగ మార్చుకుంట పోతరు, నడుమ నంబర్లు ఎగ్గొట్టిన్రంటె గీతలు మిగుల్తయ్, చివరకు వేసే పౌడర్ ఆ గీతలను కప్పది. బేరం మాట్లాడేటప్పుడు ఫీటుకు ఎంత అని ఒక్కటే అడగకు. ఎన్ని రాళ్లు మారుస్తరు, చివరి పౌడర్ అందులనేనా, సందులల్ల సిమెంటు పోయినకాడ నింపుతరా, ఇవి అడుగు, ముందుగాల మంచం కింద ఒక్క బండ చేసి చూపెట్టమను. ఆఖరుకు ఆసిడ్ వాష్ చేస్తం అంటరు కొందరు. సీసాల బాత్రూం ఆసిడ్ కనపడ్డదంటె వద్దని చెప్పి పంపియ్. పాలిష్ పౌడర్ల గూడ పులుపు ఉంటది, కాని అది కొద్దిగ వేసి మెషిన్ కింద రుద్ది వెంటనే కడుగుతరు, చెయ్యి తిరిగినోని పని, నువ్వు ఇంట్ల దాన్ని తెచ్చి పోస్తే మల్ల మొదటికొస్తది. ఇంకొకటి, పాలిష్ బురదను బాత్రూం మోరీల పోయనియ్యకు, పైపుల పేరుకొని గట్టిపడి జామైతది, బకెట్లకు ఎత్తి బయట పారబోయాలె.

ఇగ మూలకు లేస్తున్న పొడి. ఇది ఆసిడ్‌కు సంబంధం లేదు, అంతకు ముందు నుంచే ఉండి ఉంటది, నువ్వు ఇప్పుడు చూసినవ్. బాత్రూం గోడ పక్కన అంటున్నవ్ గదా, కింద ఎక్కడనో చెమ్మ ఉన్నది, పైపు సందు కారుతున్నదో, బాత్రూం బండల సందులు తెరుచుకున్నయో. ఆ చెమ్మ మట్టిల, ఇసుకల, సిమెంటుల ఉన్న ఉప్పును కరిగించుకొని బండ గుండ పైకొస్తది, నీళ్లు ఆరిపోతయ్, ఉప్పు మిగుల్తది. చౌడు నేలల పొలం మీద తెల్లగ పేలుతది చూడు, అదే నీ ఇంట్ల అయితున్నది. దాన్ని నీళ్లతోని కడిగితే ఉప్పు మల్ల కరిగి బండల్నే ఇంకుతది, రెండు దినాలకు మల్ల లేస్తది, నీకు అయ్యేది అదే. ఎండుగ ఉన్నప్పుడు మెత్త బ్రష్‌తోని ఊడ్చి చాటల ఎత్తి బయట పడేయ్, తడి తగలనియ్యకు. ముందుగాల ప్లంబర్‌ను పిలిచి కారుడు బంద్ చేపియ్, తర్వాత కూడ కొన్ని నెలలు పొడి వస్తనే ఉంటది, లోపల చెమ్మ ఆరాలె గదా, ఓపిక పట్టు. అట్లనే వదిలేస్తే ఉప్పు బండ పొరల నడుమ గట్టిపడి ఉబ్బి పెచ్చులు లేపుతది. మీద టైల్స్ వేస్తే గా పెచ్చులు టైల్స్ కింద లేస్తయ్, అంతే ఫరక్. ఆ మూలకు సీలర్, అంటే బండ నీళ్లు పీల్చకుండ కొట్టే మందు, గూడ ఇప్పుడు కొట్టియ్యకు, చెమ్మ బయటికి వచ్చే తొవ్వ మూసినట్టైతది.

సింకు కాడి గార మన నీళ్ల పుణ్యం. నల్లగొండ నీళ్ల కథ లోకమంత తెలుసు, పటిక సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని మన ఊరి పేరే పెట్టిన్రు. కాని నీ సింకు పొంటి తెల్ల పొర ఫ్లోరైడ్ కాదు, బోరు నీళ్లల్ల సున్నపు గుణం, నీళ్లు ఆరినకొద్ది అది పొర మీద పొర కడతది, గీజర్ రాడ్డుకు పట్టేది అదే. ఇక్కడనే చిక్కు. గార గూడ సున్నమే, బండ గూడ సున్నమే. గారను కరిగించేది ఏదైనా బండను గూడ కరిగిస్తది, దానికేం తెలుసు ఏది గారో ఏది బండో. గందుకే వంటింటి కింద తాండూరు బండ మీద గార ఉంటే ప్లాస్టిక్ గీకుడు ముక్కతోనో, పాత ఏటీఎం కార్డుతోనో పడుకోపెట్టి మెల్లగ గీకుడే, కొద్దిగ నానబెట్టి గీకితే అలకన వస్తది. అదే గట్టు మీద గ్రానైట్ అయితే వేరే లెక్క. గ్రానైట్ మీ ఊరి గుట్టలసొంటి రాయి, సున్నపుది కాదు, నిమ్మరసం తట్టుకుంటది. వెనిగర్‌ల సగానికి సగం నీళ్లు కలిపి గుడ్డ ముంచి గార మీద ఐదు నిమిషాలు పెట్టి, తీసి, రుద్ది, మంచినీళ్లతోని కడిగి తుడిచెయ్. నల్ల గ్రానైట్‌కు కొన్నిటికి రంగు పూసి అమ్ముతరు కాబట్టి ముందుగాల సింకు వెనక మూలకు చూడు, గుడ్డకు నలుపు అంటితే ఆపెయ్. వెనిగర్ చుక్కలు కింద బండ మీద పడకుండ పాత టవల్ పరుచుకో.

ఏ రాయో అనుమానమైతే బీరువా కింద కనపడనికాడ ఒక్క చుక్క నిమ్మరసం వేసి చూడు, చిన్నచిన్న బుడగలు వస్తే సున్నపు రాయి, వెంటనే తుడిచెయ్.

పసుపు ఎర్రగైంది అన్నవ్, నాకు నవ్వొచ్చింది, ఏమనుకోకు. పసుపుల సున్నం కలిపితే ఎర్రగైతది, మన పెద్దలు కుంకుమ అట్లనే చేసేటోళ్లు, సబ్బుల సోడా గుణం గూడ అదే పని చేసింది. నువ్వు గడప కాడ కుంకుమ తయారు చేసినవ్ అంతే. సబ్బు పూర్తిగ పోయేటట్టు మంచినీళ్లతోని నాలుగుసార్లు తుడువు, మల్ల పసుపుకు తిరుగుతది. తర్వాత మెడికల్ షాపుల పుండ్లు కడగనీకి అమ్మే హైడ్రోజన్ పెరాక్సైడ్ తెచ్చి, టాల్కం పౌడర్‌ల కలిపి దోశపిండి కన్న గట్టిగ చేసి మరక మీద పెట్టి, ప్లాస్టిక్ కవర్ కప్పి అంచులకు టేపు అతికియ్. ఒక దినం ఉంచి కవర్ తీసి పూర్తిగ ఎండనిచ్చి ఊడ్చెయ్. పిండి ఎండేటప్పుడే మరకను పైకి గుంజుతది, తడి మీదనే తీస్తే లాభం లేదు. ఒక్కసారికి పోకపోతే రెండోసారి. నీలం బండ, నల్ల బండ అయితే ముందు మూలకు చూడు, అక్కడ రంగు తేలిపోవచ్చు. ఎండ పడే గడప అయితే సగం పని ఎండనే చేస్తది, పసుపుకు ఎండ పడదు.

దేవునర్రల మార్బుల్ గురించి నువ్వు ఏం అడగలే గాని అక్కడ దీపం నూనె కారి మచ్చలుంటయ్, ఉండకుండ ఉండయ్. నూనెకు తినే సోడా నీళ్లతోని కలిపి అదే తీరుగ పెట్టి కవర్ కప్పు. అయితే దేవునికాడ నూనె, పసుపు రెండు కలిసే ఉంటయ్, సోడా పెడితే మల్ల ఎర్రగైతది. గందుకే ముందు పసుపుకు పెరాక్సైడ్, అది పోయినంక నూనెకు సోడా, ఈ వరుస తప్పకు. దీపం కుందుల కింద ఒక స్టీలు పళ్లెం పెట్టు, ఇత్తడిదైతే దాని పచ్చ చిలుము గూడ మార్బుల్‌కు పడతది.

అత్తమ్మ మాట. ఆమెను తప్పు పట్టకు, ఆమె కాలంల షాబాద్ బండలకు పాలిష్ ఎక్కడిది, కిరోసినో, దీపం నూనో ఒక గుడ్డకు అద్ది తుడిస్తే నల్లగ నిగనిగలాడేది, పండుగ పూట చూడ ముచ్చటగుండేది. కాని ఆ నిగనిగ బండది కాదు, నూనెది. నాలుగు దినాలకు దుమ్మంత దానికి పడ్తది, బండ జిడ్డుగ నల్లగైతది. పాలిష్ చేపిచ్చే ముందు కిరోసిన్ తాగిపిస్తే ఆ తర్వాత సీలర్ గూడ పట్టది. పొయ్యి ఉన్న ఇంట్ల కిరోసిన్‌తోని తుడుచుడు ప్రమాదం గూడ. ఆమెకు కోపం రాకుండ చెప్పు, వాకిట్ల పాత గరుకు బండలుంటే అక్కడ కొంచం తుడవనియ్, ఆమె ముచ్చట తీరుతది.

పాలిష్ అయినంక వారం పది దినాలు బండ ఆరనిచ్చి, నాలుగు నీళ్లచుక్కలు వేసి పది నిమిషాలు చూడు. చుక్క కింద బండ నల్లగైతే నీళ్లు పీలుస్తున్నట్టు, సీలర్ కొట్టియ్యాలె. లోపలికి ఇంకేది అడుగు, పైన వార్నిష్ తీరు పొర కట్టేది కాదు. పొర కట్టేది ఏడాదికి గీతలు పడి పొట్టు లేస్తది, గీకనీకి మల్ల మెషిన్ కావాలె. లోపలికి ఇంకే సీలర్ కొట్టినా నిమ్మరసం పడితే బండ కాలుతది, అది గుర్తుపెట్టుకో, సీలర్ మరకను ఆపుతది గాని పులుపును ఆపది. మూలకు మాత్రం వదిలెయ్ అని చెప్పిన గదా.

రోజు తుడుచుడు గురించి పెద్ద శాస్త్రమేం లేదు. బండలను ఎక్కువ పాడుచేసేది ఆసిడ్ తర్వాత ఇసుక. ఇసుక రేణువు సున్నపు బండ కన్న గట్టిది, చెప్పుల కింద ఒక్కొక్కటి గాజుపెంకు లెక్క గీస్తది, తొవ్వల నడిచేకాడ మెరుపు పోయి గోడ పక్కన ఉంటది చూడు, అది ఇసుక పనే. గుమ్మం బయట ఒక పట్టా, లోపల ఒక పట్టా వెయ్, ముందు మెత్త చీపురుతోని ఊడ్చి తర్వాతనే తడిబట్ట. బోరు నీళ్లు కాకుండ భగీరథ నల్లా నీళ్లు అర బకెట్ పట్టుకో, గిన్నెలు తోమే లిక్విడ్ చెంచా కన్న తక్కువ వెయ్, గుడ్డ బాగ పిండి తుడువు, మల్ల ఉత్త నీళ్లతోని ఒకసారి, ఆఖరుకు పొడిగుడ్డ. లిక్విడ్ ఎక్కువైతే సబ్బు పొర మిగిలి మసక కనిపిస్తది, ఫినాయిల్ గూడ అంతే, దాన్ని బాత్రూంకే పెట్టు. గ్యాస్ బండ కింద, బీరువా కాళ్ల కింద రబ్బరు ముక్కలు పెట్టు, తుప్పు మరక ఒకటి మాత్రం నేను గూడ ఇంట్ల తీపియ్యలేను, తుప్పు పోగొట్టే మందులు ఎక్కువ మటుకు పులుపువే, సున్నపు బండకు సరిపోవు, దానికి పాలిషోడే దిక్కు.

బతుకమ్మ ఎన్ని దినాలుందో చూసుకో. పాలిష్‌కు రెండు మూడు దినాలు, సామాన్లు జరుపుడు వేరే, ఇంట్ల అంతట బురద. పండుగ దగ్గరకొచ్చిందంటే ఇప్పుడు పెట్టుకోకు, ఆడబిడ్డలు వచ్చేది నిన్ను చూడనీకి, ఒక చాప పరిస్తే మచ్చలు ఎవలికి కనపడయ్, దసరా అయినంక నిదానంగ చేపియ్. పండుగ పూట ఒక్కటి మాత్రం చూసుకో, గునుగు పూలకు రంగులద్దే బకెట్లు హాల్ల పెట్టకుండ్రి, వాకిట్ల పెట్టుకోండ్రి, పేర్చిన బతుకమ్మను దేవునర్రల పెట్టేటప్పుడు తాంబాళం కింద ఒక పాలిథిన్ కవర్, దానిమీద పాత చీర మడత వెయ్, తడి గునుగు రంగు రాత్రంత కారుతనే ఉంటది, తెల్ల మార్బుల్‌కు అంటిందంటే మల్ల టాల్కం పౌడర్, పెరాక్సైడ్ కలుపుకుంట కూసోవాలె.